క్షమాపణ చెప్పకూడని వరస

ఉనైసి ఆ వీడియోలో తనని తాను చూసుకుని మొట్టమొదట అన్న మాట, "నా నడుం అంత లావుగా ఉందా?" అని.

"ఉంది గానీ అక్కా, ముందు కింద రాసినవి చదువు," అంది అంజమ్మ. తడి చేతిని గౌనుకి తుడుచుకుని ఫోను ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది.

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నర. నడిసముద్రంలో ఒక దీవి మీది హాస్టలు బడి వంటశాలలో నూట ముప్పై మంది పిల్లల మధ్యాహ్నం కూరకి ఉనైసి కొబ్బరి కోరుతోంది. పీటకి బిగించిన ఇనప పళ్ళ మీద చిప్పని మణికట్టుతో తిప్పుతూ, అడుగున గోధుమరంగు పొర తగిలేలోపే చెయ్యి ఆపెయ్యాలి. లేకపోతే పాలు నల్లబడతాయి. పద్నాలుగేళ్ళుగా ఆ పీట మీద కూర్చుంటున్న మనిషి కనక ఆ పని కళ్ళు మూసుకుని చేసేస్తుంది. ఇవాళ మాత్రం చిప్ప ఒళ్ళో పెట్టుకుని ఫోనులోకి వంగింది.

వీడియో ఇరవై రెండు సెకన్లుంది. శనివారం వైదాము ఊళ్ళో ఇసికేలిని మట్టి చేసి వచ్చాక తీసింది. రేకుల పందిరి కింద, కొత్త చాపల మీద ఇసికేలి భార్య కెలెరా నల్లబట్టల్లో కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు తలలు వంచుకుని ఉన్నారు. ఇంతలో ఉనైసి నడుం మీద చేతులు పెట్టుకుని గంతులేస్తూ వచ్చింది. "ఇంక చాల్లేవే ఏడుపు, ముసలిదానా! ముప్పై ఎనిమిదేళ్ళు వాడికి ఉడికీ ఉడకని పెండలం పెట్టి చంపావు. ఇప్పుడింకెవడి కడుపు పాడు చేస్తావు?" అంటూ కెలెరా కూర్చున్న చాపనే కింద నుంచి లాగి, చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. పోతూ పోతూ విస్తట్లోంచి ఒక పంది కాలు కూడా ఎత్తుకుంది. కెలెరా రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంతే, వీడియో అక్కడ ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగింది అందులో లేదు. మొహం మీంచి చేతులు తీసేసరికి కెలెరా నవ్వి నవ్వి కళ్ళనీళ్ళ పర్యంతం అయి ఉంది. మూడు రోజుల్లో అది ఆమెకి మొదటి నవ్వు. కాలి చెప్పు తీసి ఉనైసి మీదికి గిరాటేసింది. అది గురి తప్పి బడి కమిటీ ప్రెసిడెంటు సైరుసి వీపున తగిలింది. పందిరంతా ఘొల్లుమంది.

వీడియో పెట్టినది మెరెయాని. కెలెరా చెల్లెలి కూతురు, సిడ్నీలో పెరిగిన పిల్ల, ముప్పై దాటాయి. పెదనాన్న పోయాడని తెలిసి విమానం దిగీ దిగగానే పందిట్లోకొచ్చి కూర్చుంది. పెద్దమ్మ మొహం కప్పుకోగానే చూడలేక, ఫోను ఆపేసి లేచి బయటికి వెళ్ళిపోయింది. "మా పెదనాన్నని మట్టిలో పెట్టి గంట కూడా కాలేదు. మా పెద్దమ్మని ఇలా ఏడిపించిన ఈ మనిషి ఎవరు?" అని పైన రాసింది. పెద్దమ్మ మీద ప్రేమతోనే రాసింది పాపం. ఆదివారం మధ్యాహ్నానికి ఎవరో ఉనైసి పేరు కనిపెట్టారు. సోమవారం తెల్లారేసరికి ఆమె పనిచేసే బడి పేరు కూడా వచ్చేసింది. అప్పటికే నాలుగు లక్షల మంది చూశారు.

"'రాక్షసి,'" అని చదివింది అంజమ్మ. "'ఇలాంటిదా మన పిల్లలకి తిండి పెడుతోంది?' ఇదిగో, ఇంకొకడు. 'సంప్రదాయం పేరు చెప్పి ముసలాళ్ళని హింసించడం ఇంకెన్నాళ్ళు?'"

"వీళ్ళు తౌవులు అని ఒక్కడూ చెప్పలేదా?"

"ఒకడు చెప్పాడు. మీ వునిదిలో ఊరికీ వైదాముకీ మూలపురుషుడు ఒక్కడేననీ, అందుకే ఒకళ్ళనొకళ్ళు ఎంతైనా తిట్టుకోవచ్చు, ఏదైనా ఎత్తుకుపోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు అనీ పాపం బాగానే రాశాడు. నలభై మంది కలిసి వాణ్ణి ఉతికి ఆరేశారు." అంజమ్మ ఫోను జేబులో పెట్టేసుకుంది. "మా తెలుగువాళ్ళలో వదినా మరదళ్ళు ఇలాగే అనుకుంటారు. మీకు ఊరికి ఊరే వదినా మరదళ్ళు. అందులో అర్థం కాకపోవడానికేముంది?"

ఉనైసి మళ్ళీ చిప్ప అందుకుంది. రెండు తిప్పులు తిప్పేసరికి పళ్ళు పెంకుకి గీసుకున్నాయి. కోరులో నల్లటి రజను రాలింది. ఆమె దాన్ని వేళ్ళతో ఏరుతూ కూర్చుంది.

తలెత్తేసరికి గుమ్మంలో హెడ్మాస్టరు అపకుకి నిలబడి ఉన్నాడు. వంటశాలకి ఎప్పుడూ రాని మనిషి. చెప్పులు కూడా విప్పలేదు. "ఉనైసి గారూ, ఒకసారి ఆఫీసుకి రావాలి," అన్నాడు గోడకేసి చూస్తూ.

*

ఆఫీసులో సైరుసి బల్లకి అవతల కూర్చుని ఉన్నాడు. పోలీసు ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఇప్పటికీ కుర్చీలో నిటారుగానే కూర్చుంటాడు.

"కూర్చో ఉనైసీ."

"కూర్చుంటే అక్కడ పాలు పుల్లబడతాయి. చెప్పండి."

"శనివారం నేనూ అక్కడే ఉన్నాను," అని మొదలెట్టాడు సైరుసి.

"ఉన్నారు. చెప్పు మీ వీపుకే తగిలింది. పడీ పడీ నవ్వారు."

సైరుసి దగ్గాడు. "నవ్వాను. ఎందుకు నవ్వనూ? అది తౌవుల సరసమని నాకు తెలీదా? మా తౌవు ఊళ్ళో వాడి పందిని నేనే ఎత్తుకొచ్చాను, ఒంటి మీద పోలీసు బట్టలుండగా. మనకి తెలుసు. వాళ్ళకి తెలీదు."

"వాళ్ళెవరు?"

సైరుసి ఫోను ఎత్తి చూపించాడు. ఆక్లాండులో ఉన్న పూర్వ విద్యార్థులు రాశారట. సిడ్నీ వాళ్ళు రాశారట. ఈ బడికి కొత్త భోజనశాల కట్టిస్తామన్నవాళ్ళు కూడా రాశారట. అలాంటి మనిషి చేతి తిండి పిల్లలకి పెట్టకూడదని అందరూ అన్నారట. 'ట' తగిలించి చెప్పినంతసేపూ అతను ఉనైసి మొహం చూడలేదు.

"అయితే వాళ్ళకి చెప్పండి, ఇది మా పద్ధతి అని."

"చెప్పినవాణ్ణి ఏం చేశారో చూశావుగా?" సైరుసి గొంతు తగ్గించాడు. "చిన్న పని. మన్నింపు అడిగేటప్పుడు పెట్టే తిమింగలం పన్ను ఒకటి నేనే తెచ్చిస్తాను. బుధవారం వైదాము వెళ్ళి కెలెరా ముందు కూర్చో. మాస్టారు నీ తరఫున పన్ను పట్టుకుని నాలుగు ముక్కలు మాట్లాడతాడు, ఫోనులో తీస్తాడు. తప్పయిందని నువ్వొక్క మాట అను. అది పెట్టేస్తే అందరి నోళ్ళూ మూతపడతాయి. శుక్రవారం కమిటీలో నీ పేరు ఎత్తకుండా నేను చూసుకుంటాను."

"తౌవుకి క్షమాపణ చెప్పిన మనిషిని నేను పుట్టాక చూడలేదు."

"ఇప్పుడు చూద్దువుగాని. ఊరికే, ఫోను కోసం. కెలెరాకి ఆ మాత్రం అర్థం కాదూ?"

"చెప్పకపోతే?"

సైరుసి పోలీసు చూపు ఒకటి చూశాడు. ఆ చూపుకి అర్థం ఏమిటో ఆ చుట్టుపక్కల దొంగలందరికీ తెలుసు. "అప్పటిదాకా వడ్డించే కిటికీ దగ్గరికి మాత్రం రాకు. వెనకాల వండుకో. పిల్లల తల్లిదండ్రులు చూస్తే బాగుండదు," అన్నాడు.

ఉనైసికి తలకొట్టేసినట్టయింది. పందిట్లో తన పక్కన నిలబడి నవ్విన మనిషే, ఈ రోజు తనని పిల్లల కళ్ళబడొద్దంటున్నాడు.

*

వంటశాలకీ భోజనశాలకీ మధ్య గోడలో ఒక కిటికీ ఉంది. వడ్డన అక్కణ్ణించే. మంగళవారం అంజమ్మ ఒక్కతే గరిటె పట్టుకుని నిలబడింది. ఉనైసి గోడ వెనకాల బోర్లించిన బకెట్టు మీద కూర్చుని రేపటికి పెండలం దుంపలు ఒలుస్తోంది. కత్తితో పొడుగ్గా ఒక గాటు పెట్టి, బొటనవేలు దూర్చి తిప్పితే తొక్క మొత్తం ఒకే ముక్కగా ఊడొస్తుంది. ఒలుస్తోంది గానీ చెవులు మాత్రం కిటికీ దగ్గరే ఉన్నాయి. పళ్ళాల చప్పుడు బట్టే ఎవరు ఏ వరసలో వస్తున్నారో ఆమెకి తెలుస్తుంది.

"లితియాకి ముల్లు తీసి వెయ్యి," అని కేకేసింది. "మొన్న గొంతులో గుచ్చుకుంది దానికి."

"అరవకు అక్కా, నువ్విక్కడ లేవు," అంది అంజమ్మ లోగొంతుకతో. "ఇరవై మంది అడిగారు ఉనైసత్త ఏదీ అని. ఒంట్లో బాలేదన్నాను. అబద్ధాలు చెప్పించి నన్ను నరకానికి పంపేలా ఉన్నారు మీ కమిటీ వాళ్ళు."

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సీటులో ఇంకా ఇద్దరికి చోటుంది. మూడేళ్ళ పిల్లని ఎత్తుకుని ఎవరో పట్నం అమ్మాయి ఎక్కింది. కూర్చోబోయి, ఉనైసి మొహం చూసి, చేతిలో ఫోను చూసుకుని, పిల్లని రెండో భుజానికి మార్చుకుని వెనక్కి వెళ్ళిపోయింది. అక్కడ నిలబడే ప్రయాణం చేసింది గానీ మళ్ళీ ముందుకి రాలేదు.

ముక్కూ మొహం తెలియని మనిషి. నాలుగు లక్షల మంది తిట్టినా కదలని మనసు ఆ ఒక్క అడుగుకి కదిలిపోయింది. తను ఎవరి పిల్లల కడుపూ ఏనాడూ మాడ్చి ఎరగదు. బస్సు దిగేలోపే ఉనైసి తేల్చుకుంది. సరే, చెప్పేస్తాను. ఫోను కోసమేగా. కెలెరాకి అర్థమవుతుంది. పైకి ఏడ్చినట్టు నటించి, తర్వాత పెరట్లోకి పోయి ఇద్దరం నవ్వుకుంటాం.

*

భర్తని మట్టి చేశాక పది రాత్రులు ఇల్లు కదలకూడదు కనక కెలెరా గుమ్మానికి ఎదురుగా, నడిమి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. బుధవారం మధ్యాహ్నం గుమ్మంలో ఉనైసి నీడ పడగానే ఆమె మొహం వెలిగింది. నోరు తెరిచింది. "వచ్చావుటే దొంగదానా, నా చాప..." అన్నంత వరకే వచ్చింది మాట. ఉనైసి వెనకాల హెడ్మాస్టరు కనిపించాడు. అతని రెండు చేతుల్లో తాడు కట్టిన తిమింగలం పన్ను కనిపించింది. అతను దాన్ని కాసేపు చంకలో ఇరికించుకుని బిస్కట్ల డబ్బాకి ఫోను ఆనించి నిలబెడుతున్నాడు. ఫోను జారిపడింది. మళ్ళీ నిలబెట్టాడు. అది చూస్తూ చూస్తూనే కెలెరా మొహం మూతపడిపోయింది.

ఉనైసి చాప చివర కూర్చుని తల వంచింది. అపకుకి ముందుకి జరిగి పన్ను ఎత్తి పట్టుకుని, ఇలాంటప్పుడు మాట్లాడే పద్ధతిలోనే మాట్లాడాడు. దుఃఖంలో ఉన్న ఇంట అపచారం జరిగిందనీ, మన్నించి ఈ పన్ను అందుకోమనీ అన్నాడు. పాపం చక్కగానే అన్నాడు. అది అందుకోవలసినవాడు కెలెరా మరిది. అతను చెయ్యి చాపలేదు. వదిన మొహం చూశాడు.

"తప్పయింది," అంది ఉనైసి నేలకేసి చూస్తూ. "మీ దుఃఖంలో నోరు పారేసుకున్నాను. క్షమించండి."

మూల కూర్చున్న మెరెయాని తల ఊపింది, న్యాయం జరిగిందన్నట్టు.

"అమ్మా," అంది కెలెరా. గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. "మీది ఏ ఊరు?"

ఉనైసి తలెత్తింది. నలభై ఏళ్ళలో కెలెరా తనని 'మీరు' అనలేదు.

"కెలెరా, అది కాదే..."

"మీరెవరో నాకు తెలీదమ్మా. తెలియని వాళ్ళు క్షమాపణ అడుగుతారు. మీరు నాకేం అన్యాయం చేశారని అడుగుతున్నారు? నాకొక తౌవు ఉండేది. మూడు రోజులు అందరూ నా చుట్టూ కూర్చుని అయ్యో అయ్యో అన్నారు. నేను కూడా ఆయనతో పాటే పోయానేమో అనిపించింది. అప్పుడది వచ్చి, నన్ను బతికున్న మనిషిని తిట్టినట్టు తిట్టింది. కింద చాప లాగేసింది. అప్పుడు తెలిసింది నేనింకా ఉన్నానని." కెలెరా కళ్ళు తుడుచుకోలేదు. "ఇప్పుడు మీరూ వచ్చి అయ్యో అంటున్నారు. మంచిది. ఎండన పడి వచ్చారు, మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

మరిది చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాడు. తిమింగలం పన్ను తెచ్చినట్టే వెనక్కి పట్టుకెళ్ళాల్సి వచ్చింది. తాము లేచి వస్తూంటే, పెద్దమ్మా ఇందులో నేనేం తప్పు చేశాను అని మెరెయాని అడగడం వినిపించింది.

దారిలో అపకుకి తిమింగలం పన్నుని చంకలో ఇరికించుకుని నడిచాడు. అతనిది వేరే దీవి, ఈ వైపు సంగతులు కొంతే తెలుసు. "వీడియో నేను ఎవరికీ చూపించను ఉనైసి గారూ," అన్నాడు. "కానీ శుక్రవారం కమిటీ అడిగితే నిజం చెప్పాలి. ఆవిడ పన్ను తీసుకోలేదని చెప్పాలి."

"చెప్పండి మాస్టారూ. నిజమేగా."

ఉద్యోగం పోతుందని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. అయినా ఆ దారంతా ఆమెని కోసింది ఉద్యోగం సంగతి కాదు, 'మీది ఏ ఊరు' అన్న మాట. ఎవరో మెచ్చుకోవాలని సొంత మనిషిని పరాయిదాన్ని చేసి వచ్చింది. ఊళ్ళో తెలిస్తే తన ముసలి మేనత్తలు ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా.

*

శుక్రవారం కమిటీ ముందు భోంచేసి తర్వాత మాట్లాడుకుంటుంది. ఆ వంట ఉనైసిదే. ఆఖరి వంట అని తెలిసీ ఆమె చేప ముక్కలకి పసుపూ ఉప్పూ పట్టించి, కొబ్బరి పాలు పొంగకుండా సన్నసెగ మీద కలుపుతూ నిలబడింది. చేమదుంపలు ఆవిరి మీద ఉడికించింది. కోడికూర ఆమె చెప్పినట్టే అంజమ్మ వండింది. పిల్లలకి మామూలుగానే పప్పూ, పెండలమూ.

"వీళ్ళకెందుకక్కా అంత శ్రద్ధగా వండుతావు?" అంది అంజమ్మ. "నేనైతే ఉప్పు డబ్బా బోర్లించేదాన్ని."

"పోయేటప్పుడు ఉప్పెక్కువైందని కూడా అనిపించుకోమంటావా?" అని, నడుముకి కట్టుకున్న సామాన్ల గది తాళాలు విప్పి ఆమె చేతిలో పెట్టింది. అంజమ్మ తీసుకోలేదు. పొయ్యి గట్టు మీద పెట్టాల్సి వచ్చింది.

భోజనశాలలో కమిటీ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి గిన్నెలన్నీ సర్దారు. సైరుసి చేతులు కడుక్కుని ఇంక కూర్చోబోతున్నాడు. బయట లారీ హారను మోగింది. ఒక్కసారి కాదు, ఆగకుండా.

"ఎక్కడే ఆ దొంగది? ఎక్కడ దాక్కుంది?"

ఆ గొంతు విని ఉనైసి గరిటె గట్టు మీద పడేసింది. గుమ్మంలో కెలెరా నిలబడి ఉంది. అవే నల్లబట్టలు, దువ్వని జుట్టు. వెనకాల వైదాము ఆడవాళ్ళు ఐదుగురు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఖాళీ గోనెసంచి.

"ఏడో రోజు గడప దాటొచ్చావేమిటే, నీ తలకాయేమైనా తిరిగిందా?" అంటూ ఉనైసి వంటశాలలోంచి బయటికొచ్చింది.

"నిన్నివాళ పీకేస్తారని విని మా మరిదిని అడిగాను. పలకరింపులకైతే వెళ్ళొద్దు, దొంగతనానికైతే వెళ్ళు అన్నాడు." కెలెరా తిన్నగా కమిటీ బల్ల దగ్గరికి నడిచింది. ప్రెసిడెంటుకి నమస్కారం లేదు, ఏమీ లేదు. గిన్నె మూత తీసి, చేప ముక్క ఒకటి నోట్లో వేసుకుని, నమిలి, మొహం వికారంగా పెట్టింది. "థూ! ఇది చేపా, చెప్పు తోలా? దీన్నా పద్నాలుగేళ్ళుగా పిల్లల చేత తినిపిస్తున్నావు?"

"నీ మొగుడు మూడు గిన్నెలు తినేవాడు కదే!" ఉనైసి ఆలోచించేలోపే నోరు అనేసింది.

"అందుకే పోయాడు!" అంది కెలెరా.

ముందు అంజమ్మ పకాలున నవ్వింది. దాంతో నూట ముప్పై మంది పిల్లలూ పళ్ళాలు మోగించి మరీ నవ్వడం మొదలెట్టారు. అదే అదనుగా వైదాము ఆడవాళ్ళు బల్ల మీద పడ్డారు. చేప గిన్నె ఒకావిడ, కోడికూర గిన్నె ఒకావిడ. చేమదుంపలన్నీ సంచిలోకి పోయాయి. చివరికి బల్ల మీద గుడ్డ కూడా లాగేశారు. సైరుసి తన ముందున్న పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒకావిడ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి మరీ తీసుకుంది.

"కెలెరమ్మా, అది కమిటీ భోజనం!" అన్నాడు.

"నా తౌవు వండింది. నాది," అంది కెలెరా.

మెరెయాని గుమ్మం దగ్గర ఫోను పట్టుకుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. ఉనైసి దగ్గరికి గబగబా వచ్చింది. "పిన్నీ, నాకు తెలీలేదు. పెద్దమ్మ ఏడుస్తోందనుకున్నాను. పాతది తీసేశాను. కానీ..."

"నువ్వు తీసేస్తే ఏం లాభం? ఇప్పటికే ఊరూరా తిరుగుతోంది," అంది అంజమ్మ.

"అందుకే ఇది తీశాను. మొదట్నించీ చివరిదాకా మొత్తం తీశాను. ఇప్పుడే పెడతాను పిన్నీ. మిమ్మల్ని తిట్టినవాళ్ళే సిగ్గుపడతారు."

సైరుసి చటుక్కున లేచాడు. "పెట్టమ్మా, పెట్టు! ఉనైసీ, అదొక్కటి చాలు. అన్నీ సర్దుకుంటాయి."

ఉనైసి ఫోనులోకి చూసింది. చిన్న అద్దంలో కెలెరా నోరంతా తెరుచుకుని నవ్వుతోంది. ముందు పన్ను ఊడిన సందు కూడా కనిపిస్తోంది. భర్తని మట్టి చేసి ఏడు రోజులైన ఆడది పదిమందిలో నిలబడి, పోయినవాడి మీద వేళాకోళం ఆడుతోంది. ఉనైసికి కింద రాయబోయే మాటలు ఇప్పుడే కనిపించాయి. ఒక్కొక్కటీ కనిపించింది. ఏడో రోజు గడప దాటిందట. మొగుడి చావు దానికి నవ్వులాటట. ఈ నాలుగు రోజులూ తను పడ్డది ఇక కెలెరా పడుతుంది. పది రాత్రుల కట్టు తెంచుకుని వచ్చిన మనిషి, తన కోసమే వచ్చిన మనిషి.

"వద్దమ్మా," అంది. "తుడిచెయ్యి."

"పిన్నీ, మీ ఉద్యోగం..."

"తుడిచెయ్యి. నేను చూస్తుండగా తుడిచెయ్యి."

మెరెయాని బొటనవేలు కాసేపు గాల్లో ఆగింది. తర్వాత నొక్కింది.

"ఏం పని చేశావు?" అన్నాడు సైరుసి. గొంతులో కోపం కంటే బెంగ ఎక్కువగా ఉంది. "వాళ్ళకిప్పుడు ఏం చూపించను?"

"నా మొహం ఎలాగూ పోయింది సైరుసి గారూ. దాని మొహం నేనివ్వను." ఉనైసి ఆయనకేసి తిన్నగా చూసింది. "శనివారం మీరు మీ కళ్ళతో చూశారు. ఇవాళ కూడా చూశారు. ఇంకెవరు చూడాలి? మనకి తెలుసు, వాళ్ళకి తెలీదు అన్నది మీరేగా. తెలిసినవాళ్ళే చెప్పండి నేను ఉండాలో పోవాలో. పొమ్మంటే పోతాను."

భోజనశాలలో నవ్వులు సద్దుమణిగాయి. సైరుసి గుడ్డ లేని బల్లకేసి చూశాడు. ఆయన ఏం ఆలోచించాడో మనకి తెలీదు. గోడవారగా పేర్చిన పిల్లల సత్తు పళ్ళాల్లోంచి ఒకటి తీసుకుని, వడ్డన వరసలో ఆఖరి పిల్ల వెనకాల నిలబడ్డాడు. అపకుకి మాస్టారు కూడా ఒకటి తీసుకుని ఆయన వెనకాల చేరాడు. మిగతా ఇద్దరు మెంబర్లూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని లేచారు.

కిటికీలో అంజమ్మ పక్కకి జరిగి గరిటె ఉనైసికి అందించింది. ఉనైసి అటు వెళ్ళి అందుకుంది. నాలుగు రోజుల తర్వాత ఆ కిటికీలో నిలబడితే పిల్లల మొహాలన్నీ ఒకేసారి కనిపించాయి. లితియా చెయ్యి ఊపింది. కళ్ళు మసకబారి ఆమెకి ఇంకేమీ కనబడలేదు. వరస కదిలింది. ఒక్కొక్క పళ్ళెంలో ఒక గరిటెడు పప్పు, రెండు ముక్కలు పెండలం. చివరికి సైరుసి పళ్ళెం ముందుకొచ్చింది.

"పప్పేనా?" అన్నాడు.

"పప్పే. చేప కావాలంటే వైదాము వెళ్ళి తినండి."

"వెయ్యి." పళ్ళెం వెనక్కి తీసుకోబోయి ఆగాడు. "ఆక్లాండు వాళ్ళకి నేను రాస్తాను. మా వంటమనిషి సంగతి మాకు తెలుసు అని రాస్తాను. భోజనశాల కట్టిస్తే కట్టిస్తారు, లేకపోతే ఈ రేకుల కిందే తింటారు పిల్లలు." మళ్ళీ దగ్గాడు. "సోమవారం ఏం వండుతున్నావు?"

"ఇంకా అనుకోలేదు," అంది ఉనైసి.

బయట లారీ స్టార్టయింది. ఉనైసి గరిటె అంజమ్మ చేతిలో పెట్టి పరుగెత్తింది. ఆ వయసులో, ఆ నడుంతో, పిల్లలందరూ చూస్తుండగా పరుగెత్తింది. లారీ వెనకాల గోనెసంచుల మీద కెలెరా కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది. నవ్వు తగ్గిపోయింది. అలిసిపోయి, ఒక్కసారిగా ముసలిదైపోయినట్టుంది. ఇంటికెళ్ళాక మళ్ళీ ఆ స్తంభానికి ఆనుకుని కూర్చోవాలి, ఇసికేలి లేని ఇంట్లో.

చల్లగా ఉండవే తల్లీ, నీ రుణం ఎలా తీర్చుకోను అనే మాటలు ఉనైసి గొంతుదాకా వచ్చాయి. కానీ అవి కూడా కొత్తవాళ్ళ మాటలే. ఒకసారి ఆ తప్పు చేసింది. మింగేసింది.

"ఒసే ముసలిదానా!" అని అరిచింది. "మైల తీరే రోజున, నూరో రాత్రి విందుకి నేనొస్తున్నాను. మా ఊరంతా వస్తున్నాం. నీ ఇంట్లో ఒక్క గిన్నె మిగలనివ్వను!"

లారీ కదిలింది. కెలెరా తల తిప్పి ఆమెకేసి చూసింది.

"రావే," అంది. "ఉత్త చేతులతో తిరిగెళ్ళావంటే నీ కాళ్ళు విరగ్గొడతాను."